పొడి అద్దం మీద వైపర్ మోటారు

ఆదివారం

1. కారు పాత వైపర్ మోటారు తీసేశాను. రాప్తాడులో బాబయ్య కొట్లో కొత్తదని కొన్న రెండు వేగాల మోటారును బల్ల మీద పెట్టి, బ్యాటరీకి కలిపి చూశాను. రెండు వేగాల్లోనూ తిరిగింది.

2. కారుకు బిగించాను. వైపర్ సగం అద్దం దాటి ఆగింది, ఫ్యూజు కాలింది. ఇంకొకటి వేస్తే అదీ కాలింది.

3. బాబయ్యకు ఫోన్ చేసి, పాత మోటారుకు రంగు పూసి అమ్మావని అన్నాను. నాకున్న స్నేహితుడు అతనొక్కడే. ఆ మాట అనకుండా ఉండవలసింది.

సాయంత్రం మా ఆవిడ సరోజ చెంబుతో వచ్చింది. "పొద్దున్నుంచి సూస్తాండా. దుమ్ము పట్టిన అద్దాన్ని తడి ల్యాకుండా రుద్దితే యా మోటారు తిరుగుతాది? ఒక చెంబు నీళ్లకు గూడా లెక్కేనా మీకు?" అని అద్దం మీద నీళ్లు పోసింది. మూడో ఫ్యూజు వేశాను. వైపర్ ఇటూ అటూ చక్కగా తిరిగింది. ట్యాంకరు నీళ్లు వృథా చేయకూడదని పొడి అద్దం మీదే పరీక్షించాను. తప్పు నాదే.

రేపు రాప్తాడు వెళ్లి బాబయ్యకు క్షమాపణ చెప్పాలి. అయితే ఒక విషయం నాకు మింగుడు పడడం లేదు. నేను అంత మాట అన్నా అతను కోప్పడలేదు. మోటారుకు ఏమైందని కూడా అడగలేదు. "సరేలే అన్నా, తెచ్చియ్యి, వేరేది ఇస్తా" అన్నాడు. తప్పు చేయని మనిషి అంత త్వరగా ఒప్పుకుంటాడా?

బయలుదేరే ముందు మోటారు మూత విప్పి లోపల చూస్తాను. క్షమాపణ సంగతి ఆ తర్వాత.

రాత్రి 10.40
కొండన్నగారి ఎర్రిస్వామి