నైట్ షిఫ్టు ఇంట్లో లెక్కల క్లాసు

7 సెప్టెంబర్ 2020, సోమవారం

ఈ వారం బాపుకు ఫస్ట్ షిఫ్టు. అంటే నాకు క్లాసుల్లేవు.

ఇంటికంతా ఒక్కటే స్మార్ట్‌ఫోన్. ఉదయం ఆరున్నరకు బాపు జేబులో పడి బొగ్గు బాయికి పోతుంది. బాయి లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. పైన డబ్బాలో పెట్టి దిగుతాడు. అక్కడ అది ఎనిమిది గంటలు హాయిగా పడుకుంటుంది. ఇక్కడ పదో తరగతి యమున, అంటే నేను, గోడ చూస్తూ కూర్చుంటుంది.

పైకి రాగానే బాపు పక్కింటి మల్లక్కకు కాల్ చేసి పైకొచ్చిన అని చెప్తాడు. అది విన్నాకే అమ్మ అన్నం తింటుంది. ఇక ఫోన్ ఇంట్లో వదిలెయ్యమని ఏ మొహం పెట్టుకుని అడగను? మల్లక్కది బటన్ ఫోన్. అందులో జూమ్ వస్తుందా, నా పిచ్చి కాకపోతే.

14 సెప్టెంబర్

సెకండ్ షిఫ్టు. బాపు రెండింటికి కదులుతాడు, క్లాసు పదింటికి. కానీ సమితులు అయిపోయాయట. బహుపదుల నడుమ దిగాను. లెక్కల త్రివిక్రమ్ సార్ గ్రాఫు గీస్తున్నారు, నెట్ తిరుగుతూనే ఉంది.

22 సెప్టెంబర్, పగలు 12.30

నైట్ షిఫ్టు. ఫోన్ ఇంట్లోనే, బాపూ ఇంట్లోనే.

మా కాలనీలో నైట్ డ్యూటీ చేసి పడుకున్న మనిషిని లేపడం కన్నా పెద్ద తప్పు లేదు. అమ్మ కుక్కర్ పెట్టదు. కూరగాయల బండి వస్తే సైగలతోనే బేరం. ఉన్నది ఒక గది, వెనక వంటిల్లు. నేను సిలిండర్ పక్కన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను.

సార్ మైక్ ఆన్ చేసి జవాబు చెప్పమన్నారు. గుసగుసగా చెప్పాను. వినపడలేదన్నారు. చాట్‌లో ‘బాపుకు నైట్ డ్యూటీ’ అని కొట్టాను. సార్‌ది మంథని, అక్కడ షిఫ్టుల గోల తెలియదు. ఇప్పుడు పగలే కదమ్మా అన్నారు. క్లాసంతా నవ్వే ఉంటుంది. మాట్లాడలేదని ఆబ్సెంట్ వేశారు.

నాకు జవాబు వచ్చు. ఒట్టు, వచ్చు. ఏడుపొచ్చింది. అదీ చప్పుడు కాకుండానే ఏడవాలి.

28 సెప్టెంబర్

ఈ వారం ఫస్ట్ షిఫ్టు రావాలి. బాపు మళ్ళీ నైట్‌కే పోయాడు. ఎందుకో అడగలేదు. ఫోన్ ఇంట్లో ఉంది, చాలు.

6 అక్టోబర్

నైట్ మూడో వారం. అసలు సంగతి మల్లక్క చెప్పింది. బిడ్డ క్లాసులు పోతున్నాయని బాపే తనతో పనిచేసే బుచ్చన్న కాకను బతిమాలి ఆయన నైట్లు తీసుకున్నాడట. బాయి మీద అందరికీ తెలుసట, మాకు తప్ప.

ముందు సంతోషమే వేసింది. డైరీ కాబట్టి నిజం రాస్తున్నాను. సిగ్గు తరువాత వేసింది.

9 అక్టోబర్

పొద్దున వస్తూ బాపు స్కూటర్ మీదే నిద్రపోయాడు. చౌరస్తాలో డివైడర్‌కు కొట్టుకున్నాడు. మోకాలు చీరుకుపోయింది. కుక్క అడ్డమొచ్చిందన్నాడు. పాపం, ఆ కుక్క ఎవరిదో. అమ్మ పసుపు పెడుతుంటే కూర్చునే గురక పెట్టాడు.

ఇంకో నాలుగు అడుగులు పక్కకు పోతే లారీ. ఈ లెక్కలు నాకెందుకు?

10 అక్టోబర్

అబద్ధమాడాను. దసరా దాకా క్లాసులు బంద్ అన్నాను. బాపు రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పాను. మోకాలు చూసి బుచ్చన్న కాక తన నైట్లు తనే చేసుకుంటానన్నాడట. మూడు వారాలు వరసగా నైట్ చేశాడు కాబట్టి సోమవారం నుంచి బాపుకు ఫస్ట్ షిఫ్టు.

13 అక్టోబర్

మా క్లాసు మహెజబీన్ రోడ్డవతల నిలబడి మాస్కులోంచి అరిచి చెప్పింది. గురువారం లెక్కల ఓరల్ టెస్టు. ఆ మార్కులు ఫైనల్‌లో కలుస్తాయి. రానివాళ్ళకు సున్నా. దాని ఫోన్ వాడుకుందామంటే వాళ్ళ దాదీకి కరోనా పాజిటివ్, ఆ గుమ్మం తొక్కనివ్వరు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే బాపు మళ్ళీ నైట్ అడుగుతాడు. సున్నా రానీ.

15 అక్టోబర్, సాయంత్రం

మూడున్నరైనా బాపు కాల్ రాలేదు. అమ్మ మల్లక్క గుమ్మం వదల్లేదు. నాలుగింటికి బాపే వచ్చాడు, స్నానం లేకుండా, మొహం నిండా బొగ్గుతో. పైకొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకోగానే సార్ కాల్ వచ్చిందట, పిల్ల టెస్టుకు ఎందుకు రాలేదని. ఇల్లు చేరేదాకా ఉండమని సార్‌ను బతిమాలి, లైన్ కట్ చెయ్యకుండా జేబులో వేసుకుని వచ్చాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

సార్ మొదటి ప్రశ్న అడిగారు. అలవాటుగా గుసగుసలోనే చెప్పాను.

“గట్టిగ చెప్పు బిడ్డా,” అన్నాడు బాపు. “నేను మెలకువతోనే ఉన్న గద.”

చెప్పాను. నాలుగు ప్రశ్నల్లో మూడు కరెక్ట్. మల్లక్క వాళ్ళింటి దాకా వినబడిందట.