గుట్ట నుంచి వంటింటికి చుక్కల దారి

రోడ్ల శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: డెబ్బై ఏళ్ళ నాటి సర్వే పటం చూసి మా వంటింటి మీదుగా వేయదలచిన రోడ్డును ఆపించుట గురించి.

1. సదరు పటంలో గుట్ట నుంచి మా పొలం మీదుగా మా ఇంటి వరకు చుక్కల గీత ఉన్నది. చుక్కల గీత అనగా కాలిబాట అని తమ ఓవర్సియరు గారు సెలవిచ్చినారు. ఆ బాటను రోడ్డు చేయుటకు వంటింటి గోడ మీద సున్నంతో గుర్తు కూడా పెట్టినారు.

2. ఆ బాట పూర్వం లేదు. పటం గీయవచ్చిన సర్వేవారు గుట్ట మీద డేరా వేసుకొని, రోజూ టీ కోసం మా నాయనమ్మ దగ్గరకు దిగి వచ్చేవారు. ఆమె అప్పుడు కొత్త కోడలు. వారి కాళ్ళ కింద గడ్డి చచ్చి బాట పడినది. పని ముగించి పోతూ, కంటికి కనబడినదే కదా అని దానిని కూడా పటంలోకి ఎక్కించినారు. అవి తమ అడుగులే అని ఒక్కరికీ తట్టలేదు.

"ఎండన పడి వచ్చేవాళ్ళు, పాపం. కాసిని టీనీళ్ళు పోస్తే ఇంత పనవుతుందనుకున్నానా?" అని నాయనమ్మ వాపోవుచున్నది.

3. బాట మా గడప దగ్గరే ఆగినదని మనవి చేసుకోగా, "దారన్నాక ఊళ్ళోకి పోవాలి కదయ్యా" అని ఓవర్సియరు గారు స్కేలు పెట్టి ఊరి పెద్దరోడ్డు దాకా గీత లాగినారు. మధ్యలో వంటిల్లుంది మొర్రో అంటిని. పటంలో మా ఇల్లు ఒక నల్ల చుక్క. "అందులో వంటిల్లు ఎటుందో చూపించు" అన్నారు. చూపించలేకపోయితిని.

4. గుట్ట మీద రాళ్ళు తప్ప ఎవరూ కాపురం లేరు. రాళ్ళు రోడ్డు అడగలేదు.

5. నాయనమ్మకు చూపు పోయినది. ఇంట్లో మిగతా చోట్ల గోడ పట్టుకొని నడుచును. వంటింట్లో మాత్రం ఉప్పు ఎక్కడో, అగ్గిపెట్టె ఎక్కడో ఆమె చేతికే తెలుసు. అక్కడ ఎవరి సాయమూ అడగదు, పైగా మా ఆవిడ వంటకు వంకలు పెట్టును. ఇంకో వంటిల్లు నేను కట్టించగలను. దాన్ని ఆమె చేతులకు ఎట్లా నేర్పను? ఆ గోడ పడిన రోజున ఆమె నిజంగా గుడ్డిదైపోతుంది. నాకు భయంగా ఉందండి.

కావున సదరు చుక్కలను చెరిపించి వంటిల్లు దక్కించమని ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుట్ట కింది రైతు

తా.క.: తమరే స్వయంగా వచ్చి చూడాలని నాయనమ్మ కబురు. టీ తాగించకుండా పంపదు, ముందే చెబుతున్నాను. ఒక్కసారికే చూసి తేల్చెయ్యండి సారూ. రెండోసారి రావలసి వస్తే మాత్రం, మీకు పుణ్యముంటుంది, పొలంలో వేరే గట్టు మీదుగా రండి.