ప్రసంగం ముగించారు

బాబాయ్,

ఎలా ఉన్నావని అడిగే ముఖం లేక సూటిగా విషయానికొస్తున్నాను.

నడిసముద్రంలో చమురు బావి తవ్వకం మీద మొన్న జరిగిన ప్రజాభిప్రాయ సభలో గంట కొట్టే పని నాది. మనిషికి మూడు నిమిషాలు. కంపెనీ ఇంజనీరుకు ఆ నియమం లేదు. ఆయన నలభై నిమిషాలు తెర మీద బొమ్మలు చూపించాడు. నువ్వు కళ్లజోడు వెతుక్కుని అందరికీ నమస్కారం పెట్టేసరికే ఒక నిమిషం పోయింది.

"ముప్పై ఏళ్లు పడవ నడిపినవాణ్ణి. గొట్టం పగిలి చమురు బయటికొస్తే మూయడానికి మూడు వారాలంటున్నారు. వానాకాలంలో ఆ మూడు వారాలూ నీళ్లు ఎటు లాగుతాయంటే..." అంటుండగా నీ మూడు నిమిషాలూ అయిపోయాయి. నేను గంట కొట్టాను. నువ్వు నా వైపోసారి చూసి, మర్యాదగా దిగిపోయావు.

గేటు దగ్గర పిన్ని నన్ను ఆపి, "పెళ్లయినప్పట్నుంచీ ఆయన నోరు మూయించడం నా వల్ల కాలేదు. నువ్వు ఒక్క వేలితో మూయించావే తల్లీ" అంది. నవ్వుతూనే అంది.

నీకొక్కడికే ఇంకో నిమిషం ఇస్తే పక్షపాతం అనుకున్నాను. అది న్యాయమో, ఉద్యోగ భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సభ నివేదిక రాసేదీ నేనే. నీ పేరు ఎదురుగా "మధ్యలో ఆపారు" అని రాస్తే పై అధికారి కొట్టేసి, "ప్రసంగం ముగించారు" అని దిద్దారు. "ఫారంలో ఉన్నది అదేనమ్మా" అన్నారు. రాతపూర్వక అభ్యంతరాలకు గడువు సభకు ముందురోజే అయిపోయింది.

నువ్వు చెప్పినా ఇక ఎక్కడా చేర్చలేను. అయినా అడుగుతున్నాను. ఆ మూడు వారాలూ నీళ్లు ఎటు లాగుతాయి, బాబాయ్?

నీ అన్న కూతురు