రూబీకి తొలి ముద్ద

జూన్ 14

ప్రియమైన బావకి,

సర్వీసు ముగించుకుని రూబీ క్షేమంగా మనింటికి చేరింది. దాని ట్రైనరు, మీ జగన్నాధం గారు సెలవు మీద వస్తూ దాన్ని చీపురుపల్లి స్టేషన్‌లో దింపారు. గొలుసు నా చేతికిచ్చి, దానికి సెల్యూట్ కొట్టి మరీ వెళ్ళారు. నాకు నమస్కారమైనా పెట్టలేదు. పెళ్ళయ్యాక నా గురించి నువ్వు ఎవరికైనా ఇంత శ్రద్ధగా అప్పగింతలు చెప్పావా అని రిక్షాలో వస్తూ ఆలోచించాను. ఏదీ గుర్తు రాలేదు.

ఊరంతా వచ్చి చూసింది. నువ్వు నడిచే దారిలో మందుపాతర పసిగట్టి, అడుగు కదలకుండా కూర్చుండిపోయి నీ ప్రాణం నిలబెట్టిన కుక్క కదా. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. బూందీ లడ్డూలు, క్రీము బిస్కెట్లు, మామిడి తాండ్ర, ఎండు నెత్తళ్ళు కూడా తెచ్చారు. మనవాళ్ళకి అభిమానం పుడితే నోట్లో ఏదో ఒకటి పెట్టకుండా వదలరు. రూబీ దేన్నీ ముట్టలేదు. జగన్నాధం గారు నేర్పినట్టు నేను పళ్ళెం మీద రెండుసార్లు తడితేనే తింటుంది.

చిక్కల్లా మీ అమ్మతో వచ్చింది. నాకు మేనత్త, పైగా అత్త. రెండు రకాలుగానూ ఎదురు చెప్పలేను. నువ్వు బతికి బయటపడ్డావని తెలిసిన రోజునే పైడితల్లమ్మకి మొక్కుకుందట. మంగళవారం మంగళవారం పరమాన్నం వండి, తొలి ముద్ద రూబీకి పెట్టి, అది తిన్నాకే తను తింటుందట. మొన్న మంగళవారం దాని ముందు పొద్దుట కూర్చుంది. "తిను తల్లీ, నా కొడుకుని నాకు మిగిల్సినావు. ఏటి కావాల నీకు, సెప్పు" అని ఒకటే బతిమాలడం. అది తల తిప్పుకుంది. సాయంత్రమైనా అత్త మంచినీళ్ళు ముట్టలేదు. చూడలేక నేనే పళ్ళెం తట్టాను. ముద్ద మొత్తం తినేసింది. అత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుని అప్పుడు తింది.

నీ రేఖ


జూన్ 29

ప్రియమైన రేఖకి,

ఈ కొండ మీద ఫోను అందదు. సరుకుల లారీ దిగినప్పుడే ఉత్తరం దిగుతుంది. నీ ఉత్తరం చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. అమ్మ పరమాన్నంలో గుప్పెడు ఎండుద్రాక్ష వేస్తుంది, నాకు తెలుసు. ద్రాక్షగానీ ఎండుద్రాక్షగానీ కుక్క మూత్రపిండాలకి విషం. ఎన్ని తింటే ముప్పో ఎవరూ ముందుగా చెప్పలేరు, అందుకే ఒక్కటి కూడా వద్దు. చాక్లెట్ సంగతీ అంతే. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర ఏదీ పెట్టకు. నెత్తళ్ళలో ఉన్న ఉప్పు దానికి పడదు. కోడి ఎముక ఉడికితే సూదుల్లా విరిగి పేగులో గుచ్చుకుంటుంది.

ముద్దు చెయ్యాలనిపిస్తే గుమ్మడికాయ ముక్క ఉప్పు లేకుండా ఉడికించి పెట్టు. క్యారెట్ పెట్టు, గింజలు తీసేసి ఆపిల్ పెట్టు. గోరంత ముక్క చాలు. ఎంత పెట్టావని కుక్క కొలవదు, పెట్టావా లేదా అన్నదే చూస్తుంది. నీళ్ళ గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచు. కాస్త ఎక్కువే తాగుతుంది, కంగారు పడకు.

అమ్మకి నువ్వే నచ్చజెప్పు. నేను రాస్తే నొచ్చుకుంటుంది. సొంత మేనకోడలివి, నీ మాట వింటుంది.

తిన్నావా అని అడగలేదని దెప్పుతావు. తిన్నావా?

నీ శంకర్


జూలై 18

ప్రియమైన బావకి,

తిన్నాను. మీ అమ్మ తిట్లతో సహా తిన్నాను.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆవిడ ఏమందో విను. "అమ్మోరి పెసాదం ఇసమేటే? మా తాతల నాటి నుండి కుక్కలు మనం తిన్నదే తిన్నాయి, ఆటికేటైనాది? ఆడికి మిలట్రీలో సదువు ఎక్కువైపోనాది." నేను వదల్లేదు. గుమ్మడికాయ ఉడికించి, కోసి, దాని చేత తినిపించి చూపించాను. చివరికి "సరేలే" అంది.

పోయిన మంగళవారం నేను ఆకుమడికి నీళ్ళు పెట్టి ఇంటికొచ్చేసరికి వంటింట్లో పళ్ళెం మీద రెండు తట్లు వినిపించాయి. నేను తట్టడం ఆవిడ చూసి నేర్చుకుంది. వెళ్ళి చూస్తే రూబీ పళ్ళెం నాకుతోంది. కోపం పట్టలేకపోయాను. అత్త బెదిరిపోయి, "కిస్‌మిస్ లేకండా వొండితే అమ్మోరికి లోటు సేసినట్టు కాదా? అందుకే ఏసినాను. దీని ముద్దలోవి ఏరీసినానే, ఒట్టు" అంది. పళ్ళెం అంచున ఒకటి అతుక్కుని ఉంది.

చీకటి పడేలోగా రూబీ రెండుసార్లు కక్కింది. ఆటోలో వేసుకుని గరివిడి పశువుల ఆసుపత్రికి పరిగెత్తాం. సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు లేచి తిరుగుతోంది గాని మునుపటి చురుకు లేదు. అత్త దాని కాళ్ళ దగ్గరే పడుకుంటోంది.

నీ రేఖ


ఆగస్టు 2

రేఖకి,

ఏరితే పోయేది కాదది. పాలల్లో ఉడికాక దాని సారమంతా అన్నంలోనే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాలి? నేను ఇక్కడ మంచులో కూర్చుని ఏం చెయ్యగలను? నాకు ప్రాణం పోసినదాన్ని మీ ఇద్దరి చేతుల్లో పెట్టాను. రెండు నెలలు కాపాడలేకపోయారు.

ఇక అమ్మని దాని దగ్గరికి రానివ్వకు. నీ గదిలో కట్టు. మొక్కు గిక్కు నేను వచ్చాక తీరుస్తాను. బాధపడితే పడనీ.

శంకర్


ఆగస్టు 20

ప్రియమైన బావకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎందుకు చేశానా అని ఏడుస్తున్నాను.

రూబీని నా గదిలో కట్టి తలుపు వేశాను. మంగళవారం అత్త పళ్ళెం పట్టుకుని ఆ తలుపు బయట కూర్చుంది. రూబీ తినలేదు కాబట్టి తనూ తినలేదు. మర్నాడూ అంతే. రూబీ నా చేతి ముక్క కూడా ముట్టడం లేదు. డొక్కలు లోపలికి పోయాయి. ఆ కంగారులో ఉన్నాను, కుళాయి దగ్గర పదిమంది ఆడవాళ్ళ మధ్య అత్త "ఒక్కపాలి తలుపు తియ్యే" అని అడిగింది. నోరు జారాను. "నీ సేత్తోటే దాన్ని సంపేస్తన్నావు, ఇంకా ఏటి పెడతావు?" అనీశాను.

ఆవిడ ఇంట్లోకి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుని నెల్లిమర్ల బస్సెక్కి మీ అక్క ఉష వదిన దగ్గరికి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నోట్లో గంజి పోసిన చెయ్యి బావా అది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

ఆసుపత్రిలో ఈ రోజు రక్తం తీశారు. డాక్టరు కుమారి గారు, ఇదివరకు దీనికి ఏమైనా జబ్బుందా అని అడిగారు. మిలటరీ కుక్కకి జబ్బేంటండీ అన్నాను. ఏమైనా ఉందా? వెంటనే రాయి. జవాబు చెబితే ఏ మందు వాడాలో తేల్చడం సులువట.

నీ రేఖ


సెప్టెంబరు 3

ప్రియమైన రేఖకి,

డాక్టర్లు అందరినీ అలాగే అడుగుతారు. వయసు మళ్ళిన కుక్క, వాళ్ళు మరీ లోతుగా వెతికితే ఏదో ఒకటి కనిపిస్తుంది. ముందు అమ్మని ఇంటికి తీసుకురా. పోయిన ఉత్తరంలో కోపంగా రాశాను, అది మనసులో పెట్టుకోకు. సెలవు అడిగాను, ఈ నెలాఖరుకి ఇస్తారనుకుంటున్నాను. అంతవరకు దాన్ని నిలబెట్టు రేఖా. మిగతావన్నీ నేను వచ్చాక మాట్లాడుకుందాం.

నీ శంకర్


సెప్టెంబరు 19

బావా,

రూబీ నిన్న పొద్దున్న పోయింది.

నీ ఉత్తరం రాకముందే రక్తం ఫలితం వచ్చింది. కుమారి గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఎండుద్రాక్ష పెట్టకూడదు, అది నిజమే. దానివల్ల కొంత చెరుపు జరిగిందేమో కూడా. కానీ దీని మూత్రపిండాలు పాడయి ఏడాది దాటింది. మీ ఇంటికి వచ్చేసరికే చాలావరకు పోయాయి. పంపినవాళ్ళకి తెలియకుండా ఉండదమ్మా." నేను నమ్మలేదు. జగన్నాధం గారికి ఫోను చేశాను. ఆయన, "శంకర్ మీకు చెప్పలేదా?" అన్నారు.

ఎందుకు చెప్పలేదో ఊహించగలను. రోగం కుక్కని ఎవరు ఇంట్లో పెట్టుకుంటారని భయపడి ఉంటావు. ఒక్క మాట అడిగి చూడాల్సింది. నిన్ను బతికించినదాన్ని మీ అమ్మ కాదనేదా? నేను కాదనేదాన్నా? ముందే తెలిసుంటే ఇద్దరం చెరో పక్కన కూర్చుని గుమ్మడి ముక్కలు కోసి పెట్టేవాళ్ళం. నువ్వు మాకు రోగం దాచి, పత్యం మాత్రం పంపావు. ఆ పత్యం పట్టుకుని నేను మీ అమ్మ మీద కత్తిలా దూకాను.

నెల్లిమర్ల వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. "నీ మాటకి కోపమొచ్చి ఎల్లిపోనాననుకున్నావేటి? నానుంటే మల్లీ ఏదోటి పెట్టీసి సంపేస్తానేమో అనీసి ఎల్లిపోనాను" అంది. ఆ మాట కంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. వెంటపెట్టుకుని తీసుకొచ్చాను.

ఇక దేనికీ అడ్డు చెప్పొద్దు, ఇష్టమైంది పెట్టమని డాక్టరు గారు అన్నారు. అత్త మాత్రం మంగళవారం పరమాన్నం వండలేదు. గుమ్మడికాయ ఉప్పు లేకుండా ఉడికించి, "అమ్మోరికి సెప్పుకున్నాను, ఈయాల ఇదే పెసాదం" అంది. పళ్ళెం నా చేతికిచ్చి తను దూరంగా నిలబడింది. రూబీ ఒకసారి నాలిక తగిలించి, తల నా ఒళ్ళో పెట్టుకుంది. మర్నాడు లేవలేదు. పెరట్లో కొబ్బరి మొక్క పక్కన పాతిపెట్టాం. అత్త ఏడవలేదు.

డాక్టరు గారి మాట ఆవిడకి నాలుగుసార్లు చెప్పాను. నమ్మదు. "నా మనసు కుదట పడాలనీసి సెప్తన్నావే" అంటుంది. నెల్లిమర్ల నుంచి వచ్చాక ఇంట్లో ఎవరికీ తన చేత్తో అన్నం పెట్టడం లేదు. వండుతుంది, గిన్నెలు దించి, వడ్డించడానికి నన్ను పిలుస్తుంది. పోయిన వారం ఉష వదిన కూతురు వచ్చి అమ్మమ్మా ముద్ద పెట్టవా అంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా సెయ్యి మంచిది కాదమ్మా, అత్త పెడతాది" అంది. పిల్ల బిత్తరపోయింది.

నీకు ముందే తెలుసన్న సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. చెబితే బహుశా నమ్మేది. అయినా చెప్పను. అది నువ్వు, కన్నకొడుకువి, ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట.

రూబీ లేదని సెలవు మానుకోకు. వచ్చాక నా దగ్గరికి కూడా తర్వాత రా. ముందు మీ అమ్మ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పాక, ఆకలేస్తోంది, నీ చేత్తో పెట్టమ్మా అని అడుగు. వద్దంటుంది, చేతులు దాచుకుంటుంది. పెట్టేదాకా అక్కడి నుంచి లేవకు.

రేఖ