సుగుణ కోరిన రికార్డు

సంగారెడ్డి,
కార్తీక మాసం, శుక్రవారం.

అక్కకు తమ్ముడు రాజయ్య నమస్కరించి రాసుకున్నది.

ముందు ఒక్క మాట. నీ బిడ్డ సుగుణ క్షేమంగా ఉంది. పటాన్‌చెరులో తన అత్తవారింట్లోనే ఉంది. ఇటునుంచి కామారెడ్డి వచ్చిన వాళ్లెవరో ఈపాటికి నీ చెవిన ఏదో వేసే ఉంటారు. అది విని నువ్వు అన్నం మానేసి ఉంటావని ఈ మాట మొదట రాశాను. మిగతాది నెమ్మదిగా చదువు. పంతులు చేత మాత్రం చదివించకు. నువ్వే చదువుకునేలా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? ఈసారి వరి బాగుందని నువ్వు చెప్పి పంపిన కబురు అందింది. సంతోషం.

నా ఆరోగ్యం బాగానే ఉంది. పొద్దున్నే చలి మొదలైంది. నువ్వు కుట్టిన బొంత కప్పుకుంటున్నాను. పని ఎప్పటిదే. దుకాణం ఊడ్చి, కిరాయికి పోయిన మైకులు, గ్యాసు లైట్లు తిరిగి వచ్చాయో లేదో చూసి పద్దు రాయడం. రెండు పూటలా జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఖాజా సాబు మంచివాడే. శుక్రవారం దుకాణం మూస్తాడు కాబట్టి ఇవాళ రాయడానికి తీరిక దొరికింది. ఇక్కడికొచ్చి నాలుగేళ్లవుతున్నా సాయంత్రమైతే ఏమీ తోచదు. బొంబాయి రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడతాను. పలకరించే మనుషులు లేక కాదు. నాకే మాట రాదు. నా సంగతి నీకు తెలియనిది కాదు.

ఇక అసలు విషయం. సుగుణ పెళ్లికి నేను మైకు, గ్రామఫోను తెచ్చినప్పుడు, వాటితోపాటు ఒక పెద్ద అట్టల పుస్తకం కూడా తెచ్చాను. అందులో కాగితాలకు బదులు సంచుల్లాంటి అరలుంటాయి. అరకొకటి చొప్పున నల్ల రికార్డులు. అట్ట మీద కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ. బొంబాయిలో తీసిన ఏదో రాజుల కాలం సినిమా సంగీతమట. సినిమా ఇంకా మన వైపు రాకముందే రికార్డులు దుకాణానికి వచ్చాయి. వాటిలో పాటలు లేవు, ఒక్క మాట కూడా లేదు. ఎంతోమంది కలిసి వాయించిన వాయిద్యాలే. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. చదవడం ఖాజా సాబుకు ఉర్దూ తప్ప రాదు, నాకు తెలుగు తప్ప రాదు. ఏ వైపు ఏమిటో చెవితో పోల్చుకోవడమే.

పెళ్లికి ముందురోజు మన వాకిట్లో అన్నీ వేసి చూశాను. కొన్నింటిలో బాకాలు, నగారాలు దద్దరిల్లాయి. అవి యుద్ధానివని పక్కన పెట్టాను. ఒక వైపు మాత్రం ఒంటరి ఫిడేలు సన్నగా మొదలై, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి వచ్చి చేరి, చివర గంటలు మోగాయి. సుగుణ ఒంటినిండా పసుపుతో అరుగు మీద కూర్చుని ఉంది. అది అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "మామా, తాళి కట్టేటప్పుడు గిదే పెట్టు" అంది. నువ్వు వంటింట్లో ఉన్నావు, నీకు తెలియదు. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఒక చీర అడగలేదు, గాజులు అడగలేదు. అడిగింది అదొక్కటే.

దీపావళి పోయాక పటాన్‌చెరులో డేరా టాకీసు వేశారు. అందులోకి ఆ సినిమా వచ్చింది. బాలమ్మ వదిన, సుగుణ, పక్కింటి ఆడవాళ్లు మొదటి ఆటకు వెళ్లారు. అల్లుడు అంజయ్య మగవాళ్ల వైపు కూర్చున్నాడు. సినిమాలో యుద్ధానికి పోయిన రాజు కోసం రాణి మేడ మీద హారతి పళ్లెం పట్టుకుని నిలబడుతుంది. దూరంగా ఏనుగు కనిపిస్తుంది. అప్పుడు ఆ ఫిడేలు మొదలైందట. సుగుణకు పట్టరాని సంతోషమైంది. అత్తగారి చెయ్యి పట్టుకుని, పక్కవాళ్లకు కూడా వినపడేలా, "అత్తమ్మా, గిది నా పెండ్లిల పెట్టిన పాట" అని చెప్పింది.

ఆ మాట అంటూండగానే ఏనుగు కోటలోకి వచ్చింది. దాని మీద ఉన్నది రాజు శవం. చివర గంటలు మోగేటప్పుడు రాణి గాజులు పగలగొడతారు.

బాలమ్మ వదిన సగంలో లేచి వచ్చేసింది. ఆమెను తప్పుపట్టకు అక్కా. ఆమె మనిషి చెడ్డది కాదు. అంజయ్య ఇంకా పాలు తాగుతుండగానే భర్తను పోగొట్టుకుంది. ఆ ఒక్క కొడుకును పెంచుకోవడానికి ఎన్ని పొలాల్లో కూలికి పోయిందో ఆ ఊళ్లో అందరూ చెబుతారు. మర్నాడు సుగుణను తిట్టలేదు, కొట్టలేదు. నాలుగు రొట్టెలు మూటగట్టి ఇచ్చి, "మీ మామ కాడ ఉండు బిడ్డా, నా మనసు కుదురుకోనీ" అందట. అంజయ్య బస్సెక్కించాడు. ఆ రోజు పద్దులో కిరాయిల కింద 'సుగుణ వచ్చింది' అని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు.

ఇక్కడ నాలుగు రోజులుంది. కంగారు పడకు, మన పొయ్యి మీదే వండుకుంది. ఖాజా సాబు ఇంటావిడ తన కూతురి పక్కన పడుకోబెట్టుకుంది. సుగుణ గది అలికింది, నా బట్టలన్నీ ఉతికింది. ఏడవలేదు. వాళ్లు ఎప్పుడు పిలుస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. కానీ పటాన్‌చెరు బస్సు ఆగిన చప్పుడైతే చేతిలో పని ఆపేది.

ఖాజా సాబుకు సంగతి చెబితే తల పట్టుకున్నాడు. ఆ రికార్డు ఇంకా ఎన్నో పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చాడు మరి. "నేను గది రాజు దర్బారుల వాయించేది అనుకున్న భాయ్. ఎవ్వనికి చెప్పకు, మన మైకులు ఇరగ్గొడతరు" అన్నాడు. మళ్లీ తనే, "ఇగ ఎవలన్న పోతెనే గిది కిరాయికియ్యాలె" అన్నాడు. నవ్వించడానికి అన్నాడు కానీ నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ పుస్తకాన్ని పై అరలో వెనక్కి తోసేశాడు.

సుగుణ పొరబడిందేమోనని చిన్న ఆశతో మూడో రోజు నేనే పోయి సినిమా చూశాను. పొరబడలేదు. ఇంకో చిత్రం చెబుతాను. నేను యుద్ధానిదని పక్కన పెట్టిన బాకాల రికార్డే ఆ సినిమాలో పెళ్లికి వాడారు. ఫిడేలు మొదలయ్యేసరికి నా పక్కనున్న బండి తోలే మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏం జరుగుతుందో తెలిసి పోయిన నాకు కూడా కళ్లు తడిశాయి. అంత మంచి సంగీతం అది. అదే నా బాధ.

మర్నాడు పొద్దున సుగుణను వెంటబెట్టుకుని పటాన్‌చెరు వెళ్లాను. దారంతా ఏం మాట్లాడాలో మనసులో పేర్చుకున్నాను. అదే రికార్డుతో జరిగిన పెళ్లిళ్ల వాళ్లంతా చల్లగా ఉన్నారని చెబుదామనుకున్నాను. బాలమ్మ వదిన చాప వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగేసరికి పేర్చుకున్నవన్నీ పోయాయి. సుగుణ గడప బయటే నిలబడింది. అంజయ్య దొడ్లో ఎడ్లకు మేత వేస్తూ ఇటే చూస్తున్నాడు.

ఆమే మొదలుపెట్టింది. "రాజన్నా, నువ్వు చదువుకున్నోనివి. నాకు తెలివి చెప్తవు, నేను ఇంట. ఇన్నా గుడ పొద్దుగూకంగ వాడు చేన్ల కెల్లి జెర ఆలస్యంగ వస్తే నా పానం ఎట్ల కొట్టుకుంటదో నీకెర్కనా? తాళి కట్టంగ గదే మోగె గద."

ఆమె అలా అనగానే నాకు డోలు మల్లయ్య గుర్తుకొచ్చాడు.

నీకు జ్ఞాపకమేనా? తాళి కట్టేటప్పుడు రికార్డు పెడతాను, మేళం ఆపమని నేను ముందే చెప్పాను. సన్నాయి ఆయన ఆపాడు. గట్టిమేళమని అయ్యగారు చెయ్యెత్తేసరికి మల్లయ్య మాత్రం ఆగలేకపోయాడు. ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఎవరి నోట చెడ్డ మాట వచ్చినా పెళ్లివారి చెవిన పడకూడదని వాయించడం పుట్టినప్పటి నుంచి చేస్తున్న చేతులు ఆయనవి. పందిరి ఊగిపోయేలా వాయించాడు. సుగుణ తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నేను నలుగురిలో మల్లయ్యను తెలివి లేనివాడా అన్నాను.

"వదినా, తాళి కట్టేటప్పుడు ఆ పాట మీ చెవిన పడ్డదా?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె చాలాసేపు ఆలోచించింది. "పడలె," అంది. "డోలు తప్ప ఏం ఇనబడలె. గంత దూరం కెల్లి మైకు తెచ్చిరి, గా డోలాయన ఒక్క ముక్క ఇననియ్యకపాయె అని నాకు గుడ అప్పుడు కోపమొచ్చింది."

ఆమె ముఖం కొంచెం తేరుకుంది. అంతలోనే మళ్లీ గడప వైపు తిరిగింది. "నా సంగతి సరే. మైకు నీ నెత్తి మీదనే కట్టిండ్రు. నీకు ఇనబడ్డదా బిడ్డా? నా కొడుకు మీద ఆన, అబద్ధం చెప్పకు."

దొడ్లో అంజయ్య మేత వేయడం ఆపాడు. సుగుణ అతని వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. "లేదత్తమ్మా. డోలే ఇనబడ్డది," అంది.

బాలమ్మ వదిన లేచి వెళ్లి దాని తల నిమిరింది. "మరి బయటనే నిలబడ్డవేంది? కాళ్లు కడుక్కొని రా. నాలుగు దినాల సంది నీ మొగడు నా వంటకు వంకలు వెడుతుండు" అంది. అంజయ్య తల వంచుకుని నవ్వుకోవడం నేను చూశాను. వదిన నన్ను అన్నం తినకుండా కదలనివ్వలేదు. అన్నం, చిక్కుడుకాయ కూర, పెరుగు వేసింది. అంతా సర్దుకుంది అక్కా. ఇది నిజం, నిన్ను ఊరడించడానికి రాయడం లేదు.

సుగుణ నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. చింతచెట్టు నీడలో బస్సు కోసం నిలబడ్డాం. అప్పుడు నేలవైపు చూస్తూ, "మామా, నాకు ఇనబడ్డది" అంది.

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"మొత్తం ఇనబడ్డది. డోలు కింద కెల్లి సన్నగ వస్తనే ఉండె. నేను దానికే చెవి పెట్టి కూసున్న. గంటలు మోగేదాంక ఇన్న."

మొగుడి మీద ఒట్టు వేయిస్తే అది అబద్ధం చెప్పింది. ఆ బరువు ఇక అదే మోస్తుంది. అత్తగారికి చెప్పలేదు, అంజయ్యకు చెప్పలేదు. అలాంటి ఒట్లకు ఏమీ కాదని నేను అనొచ్చు. అనలేదు. చెప్పమని నేను నేర్పలేదు కానీ, చెప్పక తప్పని చోటికి మాట తీసుకుపోయింది నేనే కదా.

బస్సు దుమ్ము రేపుకుంటూ కనిపించింది. సుగుణ నా చేతిసంచి నాకు అందిస్తూ, "మంచిగనే ఉండె గద మామా, ఆ పాట?" అని అడిగింది. చిన్నప్పుడు ముగ్గు వేసి, బాగుందా అని అడిగినట్టే అడిగింది.

కండక్టరు అరుస్తున్నాడని ఎక్కి కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అది ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఇస్నాపూర్ దాటాక గానీ నాకు మాట రాలేదు. అప్పుడు చెప్పడానికి పక్కన కోళ్ల గంప పెట్టుకున్న ముసలాయన తప్ప ఎవరూ లేరు.

ఆ పిల్ల తన పెళ్లిలో తనకు తానుగా కోరుకున్నది అదొక్కటే అక్కా. ఇప్పుడు దాన్ని వినలేదని అనాలి. ఎక్కడైనా మోగితే తెలియనట్టు ఉండాలి. ఎవరి తప్పూ లేదని ఖాజా సాబు అంటాడు. లేకపోవచ్చు. అయినా రాత్రి పద్దు రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతూ ఉంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక పంచె పంపుతున్నాను. డోలు మల్లయ్యకు ఇవ్వు. ఎందుకని అడిగితే రాజయ్య ఇచ్చాడని చెప్పు, చాలు. వీలైతే నీ చేతి మామిడి ఊరగాయ కొంచెం ఎవరితోనైనా పంపు. సుగుణకు కూడా ఒక జాడీ కట్టు. వాళ్లింట్లో పులుపు తక్కువ తింటారు.

బావకు, ఇంట్లో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పిల్లలను అడిగానని చెప్పు. సుగుణ మాట బావకు కూడా చెప్పకు. నీ దగ్గరే ఉంచుకో.

ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి. మాఘంలో నువ్వు పటాన్‌చెరు వస్తానన్నావు. వచ్చినప్పుడు బాలమ్మ వదిన ఇంట్లో లేని వేళ చూసి సుగుణను పక్కకు పిలువు. 'మీ మామ ఆ పాట చాలా బాగుందన్నాడు, అంత మంచిది తాను ఎన్నడూ వినలేదన్నాడు' అని చెప్పు. నేను మళ్లీ పోయినా, ఎదురుగా నిలబడితే ఆ మాట అనలేను.

నీ చెయ్యి నా తల మీద ఎప్పుడూ ఉండాలని కోరుకునే
నీ తమ్ముడు,
రాజయ్య