అత్త పాటకు పాడ్ సౌండు

సోమవారం, సాయంత్రం 5:30
తీర్మానం! నా కీబోర్డుకు సౌండ్లిచ్చే సింథ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే, పాడ్ ఒక్కటే. బుధవారానికి తేల్చేస్తా. గురువారం నుంచి అత్తతో ప్రాక్టీసు.
గొంతు ఆపరేషన్ అయినాక మా అత్త జీవమ్మ ఈ ఆదివారమే మొదటిసారి చర్చిలో పాడేది. "ఎనకాల మెత్తగా పరుచుకునే సౌండు ఏదన్నా వాయించు ఫెబా. నా గొంతు వణికితే దాంట్లో కలిసిపోతాది" అనింది. దాన్నే పాడ్ అంటారత్తా! ఆమె ఎవర్నీ ఉప్పు కూడా అడగదు. నన్ను అడిగింది.

మంగళవారం
నంద్యాల కీబోర్డుల షాపు రషీదన్న చెప్పిన మూడు సాఫ్ట్‌వేర్లూ ల్యాప్‌టాప్‌లో ఎక్కించినా.
ఒకటి: ఉచితం. బాగుంది. అందుకే అనుమానం.
రెండు: ఫ్రిజ్ మూలిగినట్టుంది.
మూడు: పరలోకం! ల్యాప్‌టాప్ మీద దోసె పోయొచ్చు, అంత వేడి.

బుధవారం
తేల్లేదు. కరెంటు పోయింది. (పది నిమిషాలే. అయినా.)
మూడోదాంట్లో పాడ్‌లే నాలుగొందలు. "ఉదయపు మంచు" ఒకటి, "మంచు ఉదయం" ఇంకోటి. తేడా వినొద్దా?

గురువారం
అత్త గడప కాడ నిలబడి, "చేద్దామా మే, ప్రాక్టీసు?"
"రేపు అత్తా. సౌండు కుదరల్యా."
వంటింట్లోకి పోయింది.
ఇంకో ఐదు ట్రయల్స్ ఎక్కించినా. ఊరికే, పోల్చి చూసేదానికి.

శుక్రవారం
మా ఆయన కరుణాకర్: "అన్నీ ఒకటే మాదిరి ఉండాయి గదే!"
ఆయనతో మాటల్లేవు.

శనివారం
వంటింట్లో అత్త ఒక్కతే పాడుకుంటాంది. రెండో చరణంలో గొంతు తెగింది. మొదట్నుంచి ఎత్తుకుంది. మళ్ళా ఆడే తెగింది.
హెడ్‌ఫోన్స్ తీసి విన్నా. మళ్ళా పెట్టుకున్నా. సిగ్గులేనిదాన్ని.
ఎనిమిదోది ఖాయం!

ఆదివారం, మధ్యాహ్నం 2:00
ట్రయల్ కదా, డబ్బు కట్టకుండా రెండు నిమిషాలు ఆపకుండా వాయిస్తే బుస కొడతాదంట. నేను చదవల్యా.
అత్త పాట మధ్యలో స్పీకర్లన్నీ ఒక్కసారిగా, "ష్ష్ష్!"
అత్త ఠక్కున ఆపేసింది. చర్చంతా నోరు మూసుకుంది. పాస్టరు గారు కూడా.
ల్యాప్‌టాప్ మూసేసినా. ఏం తోచక నేనే పాట ఎత్తుకున్నా. నాది కాకి గొంతు. అత్త కలిసింది. రెండో చరణంలో ఆమె గొంతు తెగితే, అందుకునేదాకా నేనొక్కదాన్నే అరిచినా.
బయటికొచ్చినాక, "నీ పాట కంటే ఆ బుసే నయం మే" అనింది. ఇల్లు చేరేదాకా నా చేయి మాత్రం వదల్లేదు.

సోమవారం, ఉదయం 7:00
ఎనిమిదీ పీకేసినా. తీర్మానం! రోజూ అరగంట అత్తతో పాట. ఈసారి తిరుగులేదు.

7:20
"ఏమ్మే, వస్తాండావా?"
"వస్తాండా అత్తా! రెండు నిమిషాలు."
ల్యాప్‌టాప్‌లో తొమ్మిదోది తొంభై రెండు శాతం దిగింది.