కర్రోడికి వెల్లుల్లి పెట్టకండి

మామయ్యగారండీ,

మీరు నర్సరీ నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉండను. మన కర్రోడికి రాసిన ఇంజెక్షన్ కడియంలో దొరకలేదు, రాజమండ్రి వెళ్తున్నాను. పొద్దున వాడి చిగుళ్లు సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే భయమేసి పశువుల డాక్టరు గారికి చూపించాను. పిడుదుల వల్ల వచ్చే జ్వరమన్నారు.

బల్ల మీదున్న మాత్ర అన్నంలో కలిపి పెట్టండి. పాలు, పెరుగు వద్దు, మందు ఒంటబట్టదట. మీరు కాచే వేపాకు నీళ్లు చల్లారాక వాటితో ఒళ్లు తుడవండి, అది మంచిదేనన్నారు. వెల్లుల్లి మాత్రం ఇంక పెట్టకండి. "అసలే రక్తం తక్కువుందమ్మా, వెల్లుల్లి కుక్కకి ఉన్న రక్తాన్ని కూడా పాడుచేస్తుంది" అన్నారు. పిడుదులు పోతాయని మీరు వెన్నలో నూరి పెడుతున్నారని చెప్పక తప్పలేదండీ. మొన్న నేను వద్దంటే మీరు "ఫోన్లో చూసి నాకు చెప్తావేంటమ్మా" అన్నారు. అప్పుడు బాధేసింది. కానీ వాడి మీద ప్రేమతోనే పెట్టారని నాకు తెలుసు.

ఎగశ్వాస వచ్చినా, మూత్రం ఎర్రగా పోసినా నా కోసం చూడకండి. పక్కింటి గణేష్‌బాబు ఆటోలో వెంటనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లండి.

సారిక

ఇంకో మాట. నేను పిలిస్తే వాడు తోక కూడా కదపలేదు. గేటు దగ్గర మీ బండి చప్పుడు వింటే తలెత్తుతాడేమో. ఎత్తితే నాకు ఫోన్ చెయ్యండి. ఎత్తకపోయినా చెయ్యండి.